సాలూరి చిన్నగురువుగారి శిష్యుడు

నాదోపాసనకును భగవదుపాసనకును భేదము లేదని మన పెద్దల మతము. 1922లో కృష్ణామండలమందలి చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు బాల్యముననే పితృహీనులై విజయనగరము చేరి, జోలె పట్టి మధూకరముచే పొట్టపోసికొనుచు సంగీతకళాశాలలో చదివిరి. అచట గాత్రము నేర్పుచుండిన మన సాలూరి చిన్నగురువుగారు, పట్రాయని సీతారామశాస్త్రిగారు, ఆ నిరుపేద బాలుని చేరదీసి ప్రతిఫలాపేక్ష లేక విద్య గఱపిరి. ముష్టి పెట్టిన యిల్లాండ్రు ఆ యూర ననేకులు. స్వరము పెట్టినవారు వీరు. తల్లియైనను ఇంతకన్న నేమి యీయగలదు?

పిదప చెన్నపురిలో చలనచిత్రగాయకులై యాంధ్రదేశమెల్ల నెఱిగిన కీర్తి గాంచియు వేంకటేశ్వరరావుగారు గురువును మఱవరైరి. గురుపుత్రులగు సంగీతరావుగారిని ఆదరముతో తమ చెంత నిలుపుకొని, సంగీతరచనలో తోడు చేసికొనిరి. 1974లో గతించుటకు మున్ను వారు గానము చేసిన భగవద్గీత నేటికిని మన యిండ్ల వినబడుచున్నది. అందలి గొంతు విజయనగరపు వీథులలో జోలె పట్టిన బాలునిదే.