మూత్రపిండ వైద్యానికి ఆద్యుడు: డాక్టర్ రిచర్డ్ బ్రైట్

దేహానికి కత్తి తగలకుండానే లోపలి మూత్రపిండాల తీరుతెన్నులను ఎం.ఆర్.ఐ. యంత్రం ద్వారా చూడగల కాలమిది. అయితే ఆ అవయవపు మంచిచెడ్డలను రోగి బ్రతికి ఉండగానే తెలుసుకోవాలనే తపనకు గట్టి పునాది వేసినవారు దాదాపు రెండు వందల ఏండ్ల క్రిందటి ఒక ఆంగ్ల వైద్యుడు. ఆయన చేతిలోని సాధనాలు ఒక చెంచా, ఒక కొవ్వొత్తి. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

రిచర్డ్ బ్రైట్ 1789 సెప్టెంబరు 28న ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించారు. ఎడిన్‌బరోలో చదువుతుండగా 1810లో ఐస్‌లాండ్ యాత్రకు వెళ్ళి, అక్కడి మొక్కలను, జంతువులను పరిశీలించి వచ్చారు. 1813లో వైద్య పట్టం పొందారు. 1815లో వాటర్లూ యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే బ్రస్సెల్స్ చేరి క్షతగాత్రులను చూశారు. హంగరీ పర్యటనను గూర్చి 1818లో ప్రకటించిన గ్రంథానికి బొమ్మలు కూడా తామే గీశారు. కన్నదానిని కన్నట్లు నమోదు చేసే ఈ అలవాటే తరువాత ఆయన వైద్యానికి ప్రాణమైంది.

1820లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో ఆయన సహాయ వైద్యులుగా చేరారు. అడిసన్, హాడ్జ్‌కిన్ వంటి ప్రతిభావంతులు అక్కడ ఆయనకు సహచరులు. ఆ రోజులలో ఒళ్ళంతా నీరుపట్టి ఉబ్బిపోవడమే ఒక వ్యాధి అని వైద్యులు భావించేవారు. బ్రైట్ అట్టి రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంటపై కాచారు. కోడిగ్రుడ్డులోని తెల్లసొన వేడికి గట్టిపడినట్లే కొందరి మూత్రం తెల్లగా పేరుకొనేది. ఆ రోగులు మరణించిన పిదప శవపరీక్ష చేసి చూడగా వారి మూత్రపిండాలు చెడి ఉండేవి. కొందరిలో కుంచించుకొని గరుకుదేలి కనిపించేవి.

మూత్రాన్ని చూసి రోగం పోల్చడం కొత్తదేమీ కాదు. మన యునానీ హకీములు కారూరా పరీక్షలో సిద్ధహస్తులు. మూత్రంలోని ఆ తెల్లని పదార్థాన్ని ఇటలీ వైద్యుడు కొటున్యో అంతకు ముందే గమనించారు. కాని దేహపు వాపు, మూత్రంలోని తెల్లసొన, చెడిన మూత్రపిండం, ఈ మూడింటిని ఒకే దారంలో గ్రుచ్చి చూపిన కీర్తి బ్రైట్‌గారిదే. 1827లో రంగుల చిత్రాలతో వెలువడిన ఆయన గ్రంథం ఆ సత్యాన్ని లోకానికి చాటింది. 1842లో ఆసుపత్రిలో రెండు వార్డులను, వాటికి అనుబంధంగా ఒక ప్రయోగశాలను మూత్రపిండ రోగుల కొరకే కొంతకాలం కేటాయింపజేశారు. విక్టోరియా రాణికి వైద్యులుగా నియమితులైన ఆయన 1858 డిసెంబరు 16న కన్నుమూశారు. ఆ రుగ్మతకు బ్రైట్ వ్యాధి అనే పేరు చిరకాలం నిలిచింది.

అయితే ఆయనకు తీరని కొరత ఒకటి ఉండెను. మూత్రపిండం కంటబడే వేళకు రోగికి వైద్యుని అవసరం తీరిపోయేది. ఆ కొరతను తీర్చే దారిలో ఎం.ఆర్.ఐ. ఒక పెద్ద అడుగు. బలమైన అయస్కాంతక్షేత్రంలో దేహంలోని నీటి హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందించి పంపే సంకేతాల నుండి ఈ చిత్రాలు రూపొందుతాయి. ఆ విధంగా మొదటి చిత్రాలను 1973లో ప్రకటించిన పాల్ లాటర్‌బర్ 2007లో మూత్రపిండ వ్యాధితోనే మరణించడం విధి విలాసం. మూత్రపిండానికి రక్తం ఎంత చేరుతున్నదో, అందులో ప్రాణవాయువు ఎట్లున్నదో ఏ మందూ ఎక్కించకుండానే అంచనా వేసే పద్ధతులు నేడున్నాయి. అవి ఇంకా అధికంగా పరిశోధనశాలలకే పరిమితమై ఉన్నాయి. గడోలినియం మందు ఎక్కించి తీసే చిత్రాలలో కొన్ని రకాల మందు వలన, మూత్రపిండాలు బాగా చెడినవారికి చర్మం బిగుసుకొనే ఘోరవ్యాధి కలుగవచ్చునని 2006లో బయటపడినది. కనుక అక్కడ జాగరూకత అవసరం.

యంత్రం ఎంత గొప్పదైనా తొలి పరీక్ష నేటికీ మూత్రమే. కాని మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రబలిన వ్యాధి వంటి వాటిలో మూత్రంలో తెల్లసొన అంతగా కనిపించదు. అక్కడ బ్రైట్‌గారి చెంచా సరిపోదు, ఆయన చూపు మాత్రం కావాలి. రోగి పక్కన ఓపికగా నిలిచి, కన్నదానిని వ్రాసి, పోల్చి చూసే ఆ చూపును మా విద్యార్థులు అలవరచుకొందురుగాక అని ఆకాంక్షిస్తున్నాము.