ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారు

ఒంగోలునకు తూర్పున సముద్రతీరమున నున్న కొత్తపట్నమునందు 1937 వేసవిలో నొక రాజకీయ పాఠశాల నెలకొని ప్రభుత్వ నిషేధమునకు గుఱియయ్యెను. అంతకు పదునాఱేండ్లు మున్నే యీ సీమవారొకరు చెన్నపురిలో గోడలు లేని పాఠశాల నొకదానిని స్థాపించిరి. అది స్వరాజ్య పత్రిక. ఆ మహనీయుఁడు టంగుటూరి ప్రకాశము పంతులుగారు.

పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన కనుపర్తి చేరువనున్న వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతింపఁగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్లిల్లు నడపి బిడ్డలను పెంచిరి. ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు శిష్యుని రాజమహేంద్రవరమునకుఁ దోడ్కొనిపోయి చదువునకుఁ దోడ్పడిరి. నాయుడుగారు మన కులమువారు కారు. ఈ మాట మన సభలలో మఱవరానిదని మా తలంపు.

పంతులుగారు న్యాయవాదియై, రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులై, సీమకేఁగి బారిష్టరై, చెన్నపురి హైకోర్టున విశేష ధనమార్జించిరి. 1921లో ఆ వృత్తిని త్యజించి, ఆర్జించినదానిని పత్రికకుఁ బోసిరి. ఖాసా సుబ్బారావుగారు, చీరాలలోఁ బుట్టిన కోటంరాజు రామారావుగారు మున్నగు ప్రసిద్ధ పత్రికారచయిత లందుఁ బనిచేసిరి. పొగడ్తలకుఁ గొఱత లేదు, మూలధనమునకే కొఱత. తుదకుఁ బత్రిక మూఁతపడెను. పంతులుగారి యాస్తియు దానితోడనే కరఁగిపోయెను.

శాసనసభలలో వారి సేవ చిరకాలము సాగెను. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. 1928లో సైమను సంఘ బహిష్కారమున చెన్నపురి వీథిలో తుపాకులకు ఱొమ్మొడ్డిరి. 1937లో మదరాసు రాష్ట్ర రెవిన్యూ మంత్రులై, జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షత వహించి, భూమికి రైతే స్వామియని నిర్ణయించిరి. 1946లో ఆ రాష్ట్రమునకుఁ బ్రధానమంత్రులైరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రులైరి. మఱుసటి యేఁడు నవంబరులో అవిశ్వాస తీర్మానమున ఒక్క వోటుతో వారి మంత్రివర్గము పడిపోయెను. 1957 మే 20వ తేదీన హైదరాబాదున దివంగతులైరి. 1972లో ఒంగోలు జిల్లాకు వారి పేరిడఁబడెను.

చిత్రపటమునకుఁ బూలమాల వేయుట సులభము. కొత్తపట్నము మొదలు పొగాకు, మిరప, ప్రత్తి పొలముల నడుమనున్న పల్లెలవఱకు, తండ్రిలేని బిడ్డ యెవరైనఁ జదువునకు వెదుకులాడుచుండినచో, కులము నడుగక చేయూఁత నిచ్చుటయే నాయుడుగారి ఋణము తీర్చుట. పోషకమహాశయులను మేము కోరునది యింతియే.