బాటలో దొరకిన గురువులు

గ్రంథములు చదివి యెఱిగిన సత్యము ఆచరణలో నిలుచునో లేదో తెలియుటకు పరీక్ష కావలెను. స్వామి వివేకానందులకు అట్టి పరీక్షలు దేశాటనములో, బాటప్రక్కన, చిన్న చిన్న సంఘటనల రూపమున ఎదురైనవి.

నరేంద్రనాథ దత్తు అనునది వారి పూర్వనామము. 1863 జనవరి 12వ తేదీన కలకత్తాలో జన్మించిరి. 1886 ఆగస్టులో గురుదేవులగు శ్రీరామకృష్ణ పరమహంస మహాసమాధి చెందిన పిదప, తోడి శిష్యులతో గూడి బరానగరములో నొక పాత యింట మఠమును నెలకొల్పి సన్న్యాసము స్వీకరించిరి. 1888లో ఉత్తరదేశ యాత్రకు బయలుదేరిరి.

ఒకమాఱు కాశిలో దుర్గాలయ ప్రాంతమున కోతులగుంపు వారి వెంటబడెను. వారు పరుగెత్తినకొలది అవియు మీదమీదికి వచ్చుచుండెను. అది చూచి యొక వృద్ధ సన్న్యాసి, పాఱిపోక యెదిరించి నిలువుమని కేకవేసెను. స్వామి వెనుదిరిగి నిలిచినంతనే కోతులు తొలగిపోయెను. అనేక సంవత్సరముల పిదప అమెరికాలో ఉపన్యసించుచు స్వామి ఈ సంఘటనను చెప్పి, కష్టమునకు వెన్నుచూపరాదని బోధించిరి.

ఆ యాత్రలోనే బృందావనమునకు నడచిపోవుచుండగా, దారిప్రక్కన నొకడు చిలుము పీల్చుచు గూర్చుండెను. బడలియున్న స్వామి తమకును చిలుము నిమ్మని యడిగిరి. తాను పాకీపని చేయువాడనని చెప్పి యాతడు వెనుకాడెను. స్వామియు వెనుకాడి, చిలుము ముట్టకయే ముందుకు సాగిరి. కొంతదూరము పోవునప్పటికి మనస్సు నిలదీసెను. కులమును విడిచి సన్న్యసించినవారు, సర్వజీవులయందును ఆత్మ యొక్కటియే యని నిత్యము చింతించువారు, ఒక్క చిలుము ఎదుట అంతయు మఱచిరి. స్వామి సిగ్గుపడి వెంటనే మరలివచ్చి, ఆతడు వలదన్నను వినక, చిలుము నింపించుకొని పీల్చిరి.

స్వామి తొలుత వెనుకాడిన సంగతిని దాచి యీ కథను చెప్పుట తగదు. పుట్టుకతో వచ్చిన సంస్కారము కాషాయము కట్టినంతమాత్రమున తొలగిపోదు. దానిని తమలో గుర్తించి, వెనుకకు నడచి దిద్దుకొనుటయే వారి గొప్పతనము.

1890లో గురుసోదరులగు అఖండానందులతో హిమాలయ ప్రాంతమున సంచరించుచు అల్మోరా చేరువకు వచ్చునప్పటికి, స్వామి ఆకలిచే సొమ్మసిల్లి పడిపోయిరి. దగ్గఱనున్న మహమ్మదీయుల శ్మశానమునకు కావలియున్న ఫకీరు ఒక దోసకాయను తెచ్చెను. చేయి యెత్తుటకైనను శక్తి లేక, నోటికందింపుమని స్వామి కోరిరి. తాను మహమ్మదీయుడనని ఫకీరు సంకోచించెను. అందఱము సోదరులమే కదా యని స్వామి యాతని సంకోచమును పోగొట్టి, ఆతని చేతితోనే ఆరగించి తేఱుకొనిరి. చిలుము నేర్పిన పాఠము ఇచ్చట ఫలించెను.

1892 డిసెంబరులో స్వామి కన్యాకుమారి చేరిరి. 1893 ఫిబ్రవరిలో హైదరాబాదునకు వచ్చి, 13వ తేదీన సికింద్రాబాదు మహబూబు కళాశాలలో ఉపన్యసించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 11వ తేదీన చికాగో సర్వమత మహాసభలో ప్రసంగించి జగద్విఖ్యాతు లైరి.

1897లో స్వామి మరల అల్మోరాకు రాగా పురజనులు ఘనముగా స్వాగత మిచ్చిరి. ఆ జనసమూహములో నిలిచియున్న వృద్ధ ఫకీరును స్వామి గుర్తించిరి. ఆతనిని చేరబోయి, తమ ప్రాణము నిలిపినవాడని తోడివారికి తెలిపి, కొంత ధనమొసగిరి. 1902 జూలై 4వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున, బేలూరు మఠములో దేహము చాలించిరి.

కాశికో శ్రీశైలమునకో యాత్రపోవు మనము గుడిలోని దైవమును దర్శింపవలెనని త్వరపడుదుము. దారిలో నీరిచ్చినవానిని, మూట మోసినవానిని, సత్రము ఊడ్చిన యమ్మను కన్నెత్తి చూడము. వారియెదుట మన నడవడి యెట్లుండెనో, ఆ యాత్రాఫలమును అదియే చెప్పును.