కరుణరస కవి గుఱ్ఱము జాషువా

ప్రేమను, శోకమును, ఎడబాటును తెలుగు పల్లెలలో పండితులును పామరులును కలిసి పాడుకొను పద్యములుగా మలచిన కవులలో గుఱ్ఱము జాషువాగారు అగ్రగణ్యులు.

వీరు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో వీరయ్య, లింగమాంబ దంపతులకు జన్మించిరి. తల్లిదండ్రులు వేర్వేరు కులములవారు; ఇంటి మతము క్రైస్తవము. అందుచే బాల్యమునుండియు అవమానములు వెంటాడెను. అయినను విద్యాతృష్ణ చల్లారలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారియొద్ద మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము పఠించిరి. జీవనోపాధికై రాజమహేంద్రవరమున మూగచిత్రములకు కథ చెప్పిరి. పిమ్మట గుంటూరులో ఉపాధ్యాయులై, తెలుగు పండితులై యుండిరి.

నాడు చదివిన మేఘసందేశమే 1941లో వెలువడిన గబ్బిలమునకు దారి చూపెను. ఇందు విరహియగు యక్షుడు లేడు. అంటరానివాడని వెలివేయబడిన పేదవాడు కలడు. మేఘమునకు మారుగా గబ్బిలము దూత. తనకు ప్రవేశములేని ఆలయమున గబ్బిలము స్వేచ్ఛగా వ్రేలాడును గనుక, తన మొఱను శివుని చెవిని వేయుమని అతడు దానిని వేడుకొనును. కాళిదాసు చెప్పినది ఒక ప్రియురాలి ఎడబాటు. జాషువాగారు చెప్పినది ఊరికి వెలియైన జాతి ఎడబాటు. ఫిరదౌసి కావ్యమున రాజు మాటను నమ్మి మోసపోయిన కవి దుఃఖమును, ముంతాజమహలునందు సతిని కోల్పోయిన షాజహాను వేదనను వర్ణించిరి.

పల్లెవాసులకు మిక్కిలి పరిచితమైనది శ్మశానవాటి. ఇది ఖండకావ్యములోని రచన. రాజును కవియు, నవవధువును పసికందును ఒకే మట్టిలో కలియు చోటును, హెచ్చుతగ్గులెఱుగని ఆ సమత్వమును ఇందు చూపిరి. రంగస్థల నటులు ఈ పద్యములను హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో చేర్చి పాడసాగిరి. పెట్రోమాక్సు దీపముల వెలుగున రాత్రియెల్ల కూర్చున్న జనము కన్నీరొత్తుకొనుచు వన్సుమోరు కోరెడివారు. అవి నాటకములోనివే యని తలచినవారు పెక్కుమంది. ఏ ఊరిలో కవికి పంక్తిభోజనము దొరకదో, ఆ ఊరును ఆయన పద్యమునకే విలపించెను.

కాలము మాఱెను. కవిగురువులు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయముగా జాషువాగారి పాదమునకు గండపెండేరము తొడిగిరి. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణ బిరుదము లభించెను. 1971 జూలై 24న గుంటూరులో కీర్తిశేషులైరి.

శోకమును పాడినవారు పెక్కండ్రు. శోకమునకు కారణమైన అన్యాయమును వ్రేలెత్తి చూపినవారు కొందఱే. ఈ మహాకవి శ్మశానమున చూచిన సమత్వము, బ్రతికియున్నవారికి గ్రంథాలయపు బల్లయొద్దనైనను దొరకవలెను. వారి కావ్యములను ఎల్లవారును ఒకచోట కూర్చుండి చదువుటయే వారికి తగిన నివాళి.