వైద్యరత్న దీవి గోపాలాచార్యులుగారు

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ సందర్భమున, కృష్ణాతీరమున పుట్టి దేశమునకు సేవచేసిన పెద్దల చరిత్రములు కొన్ని ఈ సంచికలో చేర్చవలెనని కార్యవర్గమువారు తలంచిరి. కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు వ్రాయువారు పెక్కుమంది కలరు. వైద్యులను తలచువారు అరుదు. రోగము కుదిరిన పిమ్మట వైద్యుని మరచుట లోకసహజము గదా! అందుచేత ఈ వ్యాసమునకు మన బందరున జన్మించి, చెన్నపురిలో ఆయుర్వేదమునకు మరల గౌరవము సంపాదించిపెట్టిన పండిత దీవి గోపాలాచార్యులుగారి చరిత్రమును ఎన్నుకొంటిని.

వారు 1872 వ సంవత్సరమున మచిలీపట్నమున జన్మించిరి. అప్పటి బందరు ఎట్టిదో పాఠకులు ఒక్క క్షణము తలచుకొనవలెను. 1864 నవంబరు 1 వ తేదీనాటి ఉప్పెనలో వేలకొలది జనము నశించి ఇంకను ఎనిమిది సంవత్సరములే గడచినవి. పాత రేవు వైభవము తగ్గిపోవుచుండెను. మరియొక ప్రక్క 1855 లో పూర్తియైన బెజవాడ ఆనకట్టవలన కాలువనీరు పారి, మెట్టచేలు మాగాణులగుచుండెను. 1843 లో స్థాపింపబడిన నోబిలు పాఠశాల ఆ పట్టణమున ఇంగ్లీషు విద్యకు ఆటపట్టయి యుండెను. చదువనేర్చిన బాలునకు కచ్చేరీ ఉద్యోగము చేతికందునంత దూరముననే కలదు. అట్టి ఊరిలో పుట్టిన గోపాలాచార్యులుగారు ఉద్యోగముల దారి విడిచి, సంస్కృతమున ఉన్న వైద్యశాస్త్రమును పట్టుకొనిరి. ఆ దినములలో అది లాభసాటి బేరము కాదు.

ఆయుర్వేదమును క్రమముగా చదువుటకై వారు మైసూరునకు వెళ్ళిరి. మైసూరు మహారాజుల పోషణమున సంస్కృత విద్యలు నిలచియున్న స్థలమది. చదువు ముగిసిన పిదప దివ్యజ్ఞాన సమాజమువారి ఆయుర్వేద వైద్యశాలయందు వైద్యులుగా నుండిరి. అనంతరము చెన్నపురి చేరి, శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి ధర్మవైద్యశాలకును, దానితో కూడిన ఆయుర్వేద కళాశాలకును ముఖ్యులైరి. స్వంతముగా ఆయుర్వేదాశ్రమమను పేర ఔషధశాలను నెలకొల్పిరి.

వారి పేరు దేశమంతట వ్యాపించుటకు కారణము మహామారి. 1896 లో బొంబాయిలో ప్రవేశించిన ప్లేగు రెండేండ్లలో బెంగుళూరు మైసూరులకు వచ్చినది. రెండేండ్ల ముందే, 1894 లో, హాంగుకాంగున యెర్సిను అను శాస్త్రజ్ఞుడు ఆ రోగబీజమును కనిపెట్టెను. 1897 లో హాఫ్‌కిను బొంబాయిలో టీకామందు తయారుచేసెను. కాని పట్టుకొన్న రోగిని బ్రతికించు మందు ఏ వైద్యమునందును లేకుండెను. జనులు ఇండ్లు విడిచి తోటలలో పాకలు వేసికొని కాలము గడపిరి. అట్టి యెడ గోపాలాచార్యులుగారు హైమాది పానకమను ఔషధమును లోనికిని, శతధౌత ఘృతమును పైపూతకును ఏర్పరచి, రోగుల చెంత నిలచి వైద్యము చేసిరి. ఆ రెండు మందులును బహుళ ప్రచారమునకు వచ్చెను.

ఇచ్చట ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలెను. ప్లేగు బాక్టీరియమును చంపు మందు ఆ పానకమే యని నేడు ఎవరును చెప్పజాలరు. దానికి తగిన మందులు 1940 తరువాత స్ట్రెప్టోమైసిను మొదలగువాని రూపమున గాని రాలేదు. అయినను రోగిని చూచి పారిపోక, వానిని తాకి, పూతపూసి, పానీయమిచ్చి కూర్చుండిన వైద్యుని ఉపకారము తక్కువది కాదు. జ్వరమున శరీరమెండిపోవు వానికి ద్రవపదార్థమందించుటయే సగము సేవ.

శతధౌత ఘృతమనునది ఏమో మన గ్రామపాఠకులలో కొందరికి తెలియకపోవచ్చును. రాగిపళ్లెములో ఆవునేయి వేసి, చల్లని నీరు పోసి, అరచేతితో మథించి, ఆ నీరు వంచివేసి, మరల నీరు పోసి, ఇట్లు నూరుమారులు కడుగుదురు. చివరకు నేయి తెల్లనై, వెన్నవలె మెత్తనై, చర్మముపై పూసిన చల్లగా పట్టుకొనును. ఇందు ఖరీదైన దినుసు ఏదియు లేదు. ఖరీదంతయు చేతి శ్రమలోనే యున్నది. గోపాలాచార్యులుగారు నేర్చి నేర్పిన శాస్త్రమున చేతికి ఎంతటి స్థానమున్నదో దీనివలన గ్రహింపవచ్చును.

ఈ చేతివైద్యమును గూర్చియే కొంచెము విస్తరించి వ్రాయుదును. మన డెల్టాలో దీని యక్కర లేని ఇల్లు లేదు. నాట్లనాడు ఉదయమునుండి సాయంకాలమువరకు మడిలో వంగియుండు స్త్రీలకు నడుము పట్టును. బస్తాలు మోయువారికి మెడనరములు బిగియును. పిరుదునుండి పిక్కవరకు తీగలాగినట్లు వచ్చు నొప్పిని నేడు సయాటికా యందురు. పూర్వులు గృధ్రసి యనిరి. ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట పక్షవాతము. కీళ్ళు వాచి కదలనీయకుండుట సంధివాతము. వీనినన్నిటిని ఆయుర్వేదమున వాతవ్యాధులను పేర ఒక్కచోట చేర్చిరి. చరకసంహితలో ఎనుబది వాతరోగములు లెక్కింపబడినవి. పిత్తమునకు నలుబది, కఫమునకు ఇరువదియే. సుశ్రుతుడు దేహమున తొమ్మిది వందల స్నాయువులు, రెండు వందల పది సంధులు, నూట యేడు మర్మస్థానములు చెప్పెను. ఎముకను ఎముకతో బిగించు నారవంటి పదార్థమును గూర్చి, దానికి దెబ్బతగిలిన వచ్చు బాధను గూర్చి, ఆ పెద్దలు ఎంత శ్రద్ధతో ఆలోచించిరో ఈ సంఖ్యలే సాక్ష్యము. వాతమనగా నేటి నాడీమండలమే యని కొందరు ఉత్సాహపరులు వ్రాయుదురు. అది సరికాదు. వాతము అను భావము చలనమునంతటిని ఇముడ్చుకొన్నది. దానిని ఒక్క అవయవమునకు అతికించుట ఉభయశాస్త్రములకును అన్యాయము.

చికిత్సాక్రమము మాత్రము స్పష్టముగా నున్నది. మొదట స్నేహనము, అనగా నూనెతో తడుపుట. పిదప స్వేదనము, అనగా చెమట పట్టించుట. అటుపిమ్మట వస్తికర్మ. వాతమునకు వస్తియే చికిత్సలో సగమని శాస్త్రకారుల మతము. నూనెను నేరుగా నిప్పుపై కాచక వేడినీటి పాత్రలో నుంచి గోరువెచ్చగా చేయుదురు. చేతులకాళ్ళ పొడవునను రోమములు వాలినవైపునకు చేయి నడపుదురు. కీళ్ళ వద్ద గుండ్రముగా త్రిప్పుదురు. తలకును, చెవులకును, అరికాళ్ళకును ప్రత్యేకముగా పట్టింపవలెనని వాగ్భటుడు నియమించెను. పిదప వావిలాకు వేసి మరిగించిన నీటి ఆవిరి గాని, పాలలో ఉడికిన అన్నమును గుడ్డలో మూటగట్టి దానితో కాపడము గాని పెట్టుదురు. ఎండిన కఱ్ఱయైనను నూనె పట్టించి వేడి చూపిన వంగును గదా, ప్రాణమున్న అంగము వంగకుండునా యని వారి తర్కము. బండి ఇరుసునకు కందెన వేయు మన రైతునకు ఈ తర్కము ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. అజీర్ణమున్నపుడును, విరేచనము చేయించిన వెంటనేయు, కఫము ప్రకోపించినపుడును అభ్యంగనము కూడదని నిషేధములు సైతము వ్రాసిరి. తలంటి పోయుటలో మన అవ్వలు ఈ నిషేధములు కొన్ని ఇప్పటికిని పాటించుచునే యున్నారు, కారణము చెప్పలేకున్నను.

నేటి పాఠకునకు ఒక హెచ్చరిక. మూతి వంకరపోయి, మాట తడబడి, చేయి అకస్మాత్తుగా పడిపోయినపుడు నూనెగిన్నె వెదకుట ప్రాణాపాయము. రక్తనాళమున గడ్డకట్టి వచ్చిన పక్షవాతమునకు నాలుగున్నర గంటలలోపల ఆసుపత్రిలో సూదిమందు ఇచ్చుటకు వీలున్నది. ఆ గడియలు దాటిపోరాదు. మర్దనము, వ్యాయామము, కాపడము ప్రాణభయము తొలగి, వైద్యులు అనుమతించిన తరువాతి మాట. అపుడైనను స్పర్శ తెలియని అవయవమునకు కాపడము పెట్టిన బొబ్బలెక్కును.

గోపాలాచార్యులుగారి కాలమున ఈ హస్తకౌశలము రెండు విధముల అపాయమున నుండెను. విద్యావంతులు దీనిని మంత్రసానుల పనియనియు, మంగలి పనియనియు చులకన చేయుచుండిరి. సంస్కృత పండితులో, శ్లోకములు కంఠస్థము చేసి రోగిని తాకుటకు వెనుదీయుచుండిరి. మలయాళ దేశమున పి. యస్. వారియరుగారు 1902 లో కొట్టక్కలున ఆర్యవైద్యశాలను స్థాపించి, అచటి పిళిచ్చలు, నవరకిళి వంటి చేతిచికిత్సలను నిలువబెట్టిరి. తెలుగునాట అట్టి అవిచ్ఛిన్న సంప్రదాయము తక్కువ. అందువలన పాఠశాల, దాని ప్రక్కనే వైద్యశాల, ఆ ప్రక్కనే ఔషధశాల ఉండవలెనను ఏర్పాటు మిక్కిలి విలువైనది. విద్యార్థి ఉదయమున చదివినదానిని మధ్యాహ్నమున రోగివద్ద చూచును. నా యభిప్రాయమున గోపాలాచార్యులుగారి ప్లేగుమందులకంటె ఈ ఏర్పాటే గొప్పది. అయితే లోకము మందులనే జ్ఞాపకముంచుకొన్నది.

1913 లో ప్రభుత్వమువారు వారికి వైద్యరత్న బిరుదమిచ్చిరి. దేశీయవైద్యుని గౌరవించిన ప్రభుత్వమే కొలది సంవత్సరములలో దేశీయవైద్యమును శంకించినది. 1918 లో మద్రాసు ప్రభుత్వము డాక్టరు కోమనుగారిని దేశీయౌషధముల పరిశోధనకు నియమించెను. ఆయన నివేదికలలో కొన్ని మూలికలను మెచ్చుకొనుచునే ఆయుర్వేదము శాస్త్రీయము కాదని తేల్చిరి. వైద్యలోకమున కలవరము పుట్టెను. సభలు జరిగెను, ప్రత్యుత్తరములు వెలువడెను. నిష్పక్షపాతముగా చూచినచో కోమనుగారి ప్రశ్నలలో కొన్ని అడుగదగినవే. మందు పనిచేయుచున్నదా లేదా యని లెక్క వ్రాసికొనుట ఏ వైద్యునకును అవమానము కాదు. కాని వారు పరీక్షించినది ఔషధములను. సీసాలోని తైలమును పరీక్షింపవచ్చును. ఆ తైలమును పట్టించు చేతిని, గంటసేపు చేయవలసిన మర్దనమును, వారములతరబడి సాగు క్రమమును సీసాలో పోసి పరీక్షింపజాలము. ఈ చిక్కు నేటి పరిశోధకులకును తీరలేదు. మర్దనచికిత్సలో రోగికి తెలియకుండ ఉత్తుత్తి మర్దనము చేయుట ఎట్లో ఎవరికిని సరిగా తెలియదు.

ఈ వాదములు ముదురుచున్న వేళ, 1920 లో, గోపాలాచార్యులుగారు కాలధర్మము నొందిరి. అప్పటికి వారి వయస్సు ఏబది దాటలేదు.

కళాశాల ఏమి కావలెను? ఇచ్చట వారి శిష్యుని కథ చెప్పక తప్పదు. ఆచంట లక్ష్మీపతిగారు 1880 లో పశ్చిమ గోదావరి ప్రాంతపు మాధవవరమున జన్మించి, చెన్నపురి వైద్యకళాశాలలో పాశ్చాత్య వైద్యము చదివి యం. బి. సి. యం. పట్టము పొందినవారు. శవమును కోసి నరమును, కండరమును కంటితో చూచినవాడు, శ్లోకము చదివి నాడి పట్టు పండితుని వద్ద శిష్యుడగుట ఆనాటి డాక్టర్లకు వింతగా తోచెను. పట్టముగల వైద్యుడు దిగివచ్చెనని కొందరు, ఎక్కివచ్చెనని కొందరు అనుకొనియుందురు. గురువుగారి అనంతరము 1920 నుండి 1928 వరకు లక్ష్మీపతిగారే ఆ ఆయుర్వేద కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. రెండు వైద్యములను ఒక్క మనస్సులో ఇముడ్చుకొన్నవారు దొరకుటవలననే ఆ పాఠశాల నిలచినది. గురువుగారి సంపాదనలో బిరుదముకంటె ఈ శిష్యుడే మిన్న.

ప్రభుత్వమును మెత్తబడెను. 1921 లో మహమ్మదు ఉస్మానుగారి అధ్యక్షతను దేశీయవైద్య విచారణసంఘమేర్పడి, 1923 లో నివేదిక సమర్పించెను. శ్రీనివాసమూర్తిగారు దానికి కార్యదర్శి. పానుగంటి రాజావారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1925 లో, చెన్నపురిలో ప్రభుత్వ దేశీయవైద్య పాఠశాల తెరువబడగా శ్రీనివాసమూర్తిగారే తొలి అధ్యక్షులైరి. అందు ఉభయవైద్యములును బోధింపబడెను. మన బెజవాడలో నోరి రామశాస్త్రిగారి పేర నేడు నడచుచున్న ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలయు ఆ తరమువారి పట్టుదలను జ్ఞప్తికి తెచ్చునదే.

లక్ష్మీపతిగారు అటుపిమ్మట చెన్నపురి చెంత ఆవడిలో ఆరోగ్యాశ్రమము నడపిరి. ఆయుర్వేద శిక్ష మొదలుగా తెలుగున అనేక వైద్యగ్రంథములు వ్రాసిరి. ఉప్పుసత్యాగ్రహమున చెఱసాలకేగి, 1946 లో ప్రకాశంగారి మంత్రివర్గమున ఆరోగ్యమంత్రిణియైన రుక్మిణీ లక్ష్మీపతిగారు వీరి భార్య. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము పుట్టిన తరువాత పల్లెపల్లెకు గ్రంథాలయములు వచ్చుచున్న రోజులలో, వైద్యము తెలుగుమాటలలో చదువుకొను అవకాశము ఇట్టివారి రచనలవలన మనవారికి కలిగెను. అంతకుముందు వైద్యగ్రంథమనిన సంస్కృతమైన గాని, ఇంగ్లీషైన గాని, రెంటికిని నోచుకొనని రైతునకు అందనిదే.

లక్ష్మీపతిగారు 1962 ఆగస్టులో పరమపదించిరి. గురువు మరణించి అప్పటికి నలువదిరెండేండ్లు.