శిథిలములకు కాపరి: గులాం యజ్దానీ

కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన దాటి ఉత్తరముగా పోవువారు కొంతదూరములో పెద్దబాట విడిచి తూర్పునకు తిరిగినచో ఆలంపురము చేరుదురు. అచ్చట తుంగభద్ర ఉత్తరవాహిని. దాని ఎడమగట్టున, కృష్ణా తుంగభద్రల సంగమమునకు సమీపమున, తొమ్మిది బ్రహ్మాలయములు నిలిచియున్నవి. పేరు బ్రహ్మదే కాని కొలువున్నది శివుడు. బాదామి చాళుక్యులనాడు, 7, 8 శతాబ్దములలో వెలసిన ఈ ఆలయములలో తారకబ్రహ్మ తప్ప తక్కినవన్నియు ఔత్తరాహ పద్ధతిని వంపుదేరిన శిఖరములతో, తలపై ఉసిరికాయవలె చారలుదేరిన ఆమలకముతో ఉండును. స్వర్గబ్రహ్మాలయ శాసనము 681 నుండి 696 వరకు ఏలిన వినయాదిత్యుని కాలమును తెలుపుచున్నది. శ్రీశైలమునకు ఇది పశ్చిమద్వారమని భక్తుల నమ్మకము. ఆలయముల చెంతనే ఒక దర్గా కలదు. గంటల మ్రోతయు, సాంబ్రాణి పొగయు ఒకే గాలిలో కలియుచుండును.

ఈ రాళ్లను చూచి ఆనందించువారు చాళుక్య ప్రభువులను తలతురు. పేరెరుగని శిల్పులకు చేతులెత్తుదురు. అది న్యాయమే. కాని కట్టినవారు పోయి వేయేండ్లు దాటిన పిమ్మట, ఆదరించు రాజు లేక, పలువురకు చరిత్రయు తెలియక ఉన్న దినములలో ఈ గుడులను లోకమునకు ఎరుక పరచినదెవరని అడుగువారు తక్కువ. అట్టి వారిలో ముందు నిలువదగినవారు గులాం యజ్దానీ. ఆయన తెలుగువారు కారు. ఈ సీమవారు కారు. శివభక్తులును కారు. అయినను ఈ సీమ ఆయనకు ఋణపడియున్నది.

యజ్దానీ 1885లో ఢిల్లీలో జన్మించిరి. మొగలు వైభవమంతయు శిథిలములుగా కన్నులయెదుట నిలిచిన నగరమది. అట్టి ఊర పుట్టిన బాలునకు పాతరాతి విలువ ఎవరును నేర్పనక్కరలేదు. అరబ్బీ, పారసీక భాషలలో ఆయన గట్టి పాండిత్యము సంపాదించిరి; కొంతకాలము అధ్యాపకత్వము నెరపిరి. ఆ భాషలలోని శాసనములను ప్రకటించుటకై ఏర్పడిన ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా పత్రికకు పెక్కేండ్లు సంపాదకులుగా ఉండిరి. ఆ పాండిత్యమునకు తగినట్లు మసీదుల, కోటల చరిత్రతో తృప్తిపడియుండినను ఆయనను తప్పుపట్టువారుండరు.

1914లో హైదరాబాదు రాజ్యమున పురావస్తుశాఖ ఏర్పడినది. భారత పురావస్తుశాఖాధిపతి జాన్ మార్షల్ సలహా, అక్బరు హైదరీ పట్టుదల, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ అనుమతి కలిసి దానికి రూపమిచ్చినవి. ఇరువదితొమ్మిదేండ్ల యజ్దానీ దానికి అధిపతి అయిరి. అప్పటి హైదరాబాదు రాజ్యము సుమారు 82,000 చదరపు మైళ్లు. ఆ ఎల్లలలో అజంతా, ఎల్లోరా గుహలు, దౌలతాబాదు దుర్గము, గుల్బర్గా మసీదు, బీదరు మదరసా, ఓరుగల్లు తోరణములు, పాలంపేట రామప్పగుడి ఉండెను. ఇంతటి నిధికి కాపరులు మాత్రము పిడికెడు మంది.

శిథిలమునకు శత్రువులు మూడు. మొదటిది చెట్టు. పక్షి విడిచిన రావి గింజ శిఖరపు బీటలో మొలచి, వేరు లావై, ఏ ఏనుగును కదపలేని రాతిని కదపును. రెండవది మనుష్యుని అవసరము. ఇల్లు కట్టువానికి చెక్కిన రాయి చేరువలోనే దొరకినపుడు క్వారీకి పోవలసిన పనియేమి? మూడవది మరపు. ఊరివారికే చరిత్ర తెలియని కట్టడము కూలినను, ఏమి కూలినదో తెలియదు. మొదటి శత్రువును గొడ్డలితో, సున్నముతో ఎదుర్కొనవచ్చును. రెండవదానికి శాసనాధికారము కావలెను. మూడవదానికి మందు వ్రాత ఒక్కటే. యజ్దానీ మూడింటితోను పోరిరి.

ఆయన ఉద్యోగమునకు వచ్చిన మరుసటి ఏడే, 1915లో, రాయచూరు జిల్లాలోని మస్కి వద్ద బీడన్ అను బంగారుగనుల ఇంజనీరు ఒక బండపై ప్రాచీన లిపిని కనుగొనెను. అది అశోకుని ధర్మశాసనము. అంతవరకు దొరకిన శాసనములలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అను బిరుదులే కనబడుచుండెను. అశోకుడను పేరు స్పష్టముగా కనబడినది మస్కిలోనే. ఆ రాజు ఈ రాజే అని చరిత్రకారులు నిస్సంశయముగా చెప్పగలిగిరి. ఎచ్.కృష్ణశాస్త్రి పరిష్కరింపగా, ఆ శాసనమే హైదరాబాదు పురావస్తు గ్రంథమాలకు తొలి కుసుమమైనది. ఆనాడు ఆలంపురము తాలూకాయు, గద్వాల సీమయు ఆ రాయచూరు జిల్లాలోనివే. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు మస్కి కన్నడసీమలో నిలువగా, ఈ రెండును తెలుగు రాష్ట్రమునకు దక్కినవి.

శాసనమును సేకరించు పని చూచువారికి తేలిక, చేయువారికి తపస్సు. రాతిని కడిగి, నాచు గీకి, తడిపిన కాగితమును పరచి, అక్షరముల గుంటలలోనికి దిగునట్లు కుంచెతో మోదవలెను. పిదప సిరా అద్దినచో రాయి నల్లగా, అక్షరము తెల్లగా తేలును. గాలి వీచినను, చేయి వణకినను మరల మొదటికి రావలసినదే. ఇట్లు ఊరూర తీసిన ప్రతులు శాఖవారి గ్రంథములలోనికి చేరినవి. రాయి పగిలినను మాట మిగులుటకు ఇదియే ఉపాయము.

1926-27 సంవత్సరపు శాఖావార్షిక నివేదికలో ఆలంపురము దేవాలయములకు చోటు దొరకినది. అది కవిత్వము కాదు. ఏ గుడి ఎటు తిరిగియున్నది, గర్భగృహము చుట్టు ప్రదక్షిణమార్గ మెట్లున్నది, స్తంభముల వరుసలెన్ని, శిఖరము ఏ సంప్రదాయమునకు చెందును, ఇట్టి వివరములతోనే అట్టి రచన సాగును. చదువువానికి పొడిగా తోచవచ్చును. కాని పట్టదకల్లు, ఐహొళె గుడులతో ఆలంపుర బంధుత్వమును తరువాతి పండితులు విచారించుటకు పునాది ఇట్టి పొడిమాటలే. భక్తునకు మాత్రమే తెలిసిన క్షేత్రము అప్పటినుండి శిల్పచరిత్రలో కూడ ఒక క్షేత్రమైనది.

ఆ దినములలోనే, 1337 ఫసలీలో, అనగా 1927-28 ప్రాంతమున, హైదరాబాదు రాజ్యమునకు ప్రాచీన కట్టడముల రక్షణచట్టము వచ్చినది. గుడిరాయి పెరటిగోడకు పోరాదనుటకు అంతకుముందు ఊరిపెద్ద మాటయే ఆధారము, ఇకమీదట చట్టమున్నది. చట్టము అన్నిటిని కాపాడెనని చెప్పజాలము. కాని కాపాడదలచినవాని చేతికి అది కఱ్ఱయైనది.

యజ్దానీ కీర్తిని దేశాంతరములకు చేర్చినది అజంతా. ఆ గుహాచిత్రముల చరిత్ర విషాదభరితము. రాబర్ట్ గిల్ ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులలో చాలభాగము 1866లో లండను క్రిస్టల్ ప్యాలెసులో కాలిపోయినవి. గ్రిఫిత్సు ప్రతులలో పెక్కు 1885లో అగ్నికే ఆహుతైనవి. ప్రతులు తీయువారు స్పష్టతకై పూసిన వార్నిషు కాలక్రమమున పసుపెక్కి అసలు చిత్రములనే కమ్మివేసినది. గోడ పూత పెచ్చులై రాలుచుండెను. 1920లో ఇటలీనుండి చెక్కోనీ, ఓర్సీనీ అను నిపుణులను హైదరాబాదు ప్రభుత్వము రప్పించినది. వారు రెండు శీతకాలములు శ్రమించి, రాలనున్న పూతను గోడకు అతికించి, పాత మకిలిని తొలగించిరి. పిదప యజ్దానీ క్రొత్త మార్గము త్రొక్కిరి. చేతితో ప్రతి వ్రాయుటకు మారుగా వర్ణచ్ఛాయాగ్రహణమును ఆశ్రయించి, వివరణతో అజంతా గ్రంథమును వెలువరించిరి. తొలిసంపుటము 1930లో, నాలుగవది 1955లో వచ్చినవి. ఇరువదియైదేండ్ల పని! మధ్య రాజ్యమే మారిపోయినది. పని మాత్రము మారలేదు.

తెలుగుసీమను ఆయన మరువలేదు. పాలంపేట ఆలయములపై ఆయన వ్రాసిన గ్రంథము 1922లో భారత పురావస్తుశాఖ ప్రచురణగా వచ్చినది. కాకతీయ శిల్పమును తెలుగువారు తలకెత్తుకొనుటకు ముందే ఆయన దాని విలువను ఇతర దేశములవారి యెదుట పెట్టిరి. ఆ రామప్పగుడియే సుమారు నూరేండ్ల తరువాత, 2021లో, ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. మాండూ నగరముపై 1929లోను, బీదరుపై 1947లోను ఆయన గ్రంథములు వెలువడినవి. బౌద్ధగుహ, శివాలయము, సుల్తాను సమాధి, ఏదైనను కొలత ఒకటే, శ్రద్ధ ఒకటే.

ఇచ్చట ఒక మాట విచారింపవలెను. ఒక రాజు ఉద్యోగిగా ఆయన చేయగలిగినది రాజు ఖజానా అనుమతించినంతయే. అజంతాకు దక్కినంత ధనము ఆలంపురమువంటి మారుమూల క్షేత్రములకు దక్కలేదు. నివేదికలోనికి ఎక్కని గుడులు ఎన్నియో ఉండెను. ఆ లోపమును ఊరివారే తీర్చుకొనవలసివచ్చినది. ఆలంపురమునకు ఆ భాగ్యము గడియారము రామకృష్ణశర్మ రూపమున లభించినది. ఆయన శాసనములు చదివి, శిథిలములను గూర్చి తెలుగున వ్రాసి, తుదివరకు ఆ గుడుల పక్షమున నిలిచిరి. నిపుణుడు బయటినుండి దీపము తేగలడు; దానికి నూనె పోయవలసినది ఊరు.

1943లో యజ్దానీ పదవీ విరమణ చేసిరి. అజంతా సంపుటములు ముగించి, ప్రాచీన దక్కను చరిత్రను రెండు సంపుటములుగా కూర్చిరి. అది 1960లో వెలువడినది. అందు కాకతీయుల ప్రకరణమును నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ కలిసి వ్రాసిరి. ఢిల్లీ పండితుని సంపాదకత్వమున తెలుగు పండితులు తమ రాజుల చరిత్ర చెప్పుట చూడ ముచ్చటైన దృశ్యము. 1959లో భారతప్రభుత్వము ఆయనను పద్మభూషణ బిరుదముతో గౌరవించినది. 1962లో ఆయన కన్నుమూసిరి.

ఆయన ఎరుగని నాలుగవ శత్రువు ఆ తరువాత వచ్చినది. అది నీరు. శ్రీశైలము జలాశయము నిండుటతో కృష్ణా తుంగభద్రల తీరముననున్న గుడులకు ముప్పు వాటిల్లినది. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. పాపనాశనమందలి ఆలయములు స్థలము మారినవి. సోమశిలలోను, జటప్రోలులోను గుడులు నీటికి వెనుదీసి మెట్టకెక్కినవి. విప్పిన రాతిని తిరిగి దాని చోటనే పెట్టవలెనన్న ముందుగా కొలతలుండవలెను, చిత్రములుండవలెను. పొడిమాటల విలువ అప్పుడు తెలిసినది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఆలంపురమును ముంచినపుడు ఆ ముప్పు తీరిపోలేదని కూడ తెలిసినది.

నేడు గద్వాల కోటను, వనపర్తి రాజభవనమును, నాగరుకర్నూలులో 20వ శతాబ్ది ఆరంభమున మెన్నొనైటు మిషనువారు నెలకొల్పిన క్రైస్తవ స్థానమును, పొలముగట్లపై ఒరిగిన వీరగల్లులను చూచుచు పోవువారు యజ్దానీ పద్ధతిని ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. ఇది మనది, అది పరులది అని ఆయన రాతిని విభజింపలేదు. చూచెను, కొలిచెను, వ్రాసెను, కాపాడుడని ప్రభుత్వమును అడిగెను. గుడికట్టిన రాజునకు శాసనముండును. గుడి కూలకుండ నిలిపినవానికి శాసనముండదు. సాయంకాలమున ఆలంపురపు శిఖరములు తుంగభద్రపై నీడ చాచునపుడు, ఆ నీడలో ఒక మూల ఆయనకును చోటుండవలెను.