చిలికా నీటిని చదివిన శాస్త్రవేత్త – నెల్సన్ అనండేల్

ఒడిశా తీరాన పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల నడుమ విస్తరించిన చిలికా సరస్సు ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. వర్షకాలంలో దయా, భార్గవి మొదలైన మహానది పాయలు మంచినీటిని తెచ్చి నింపుతాయి. వేసవిలో సముద్రపు మొగ గుండా ఉప్పునీరు లోపలికి చేరుతుంది. ఇట్లు ఋతువు ఋతువుకూ స్వభావం మార్చుకొనే నీటిలో జీవులు ఏ విధంగా మనుగడ సాగిస్తున్నాయన్న ప్రశ్నకు క్రమబద్ధంగా సమాధానం వెదకిన తొలి శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యులు థామస్ నెల్సన్ అనండేల్.

ఆయన 1876 జూన్ 15న స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించారు. తండ్రి ప్రసిద్ధ శస్త్రవైద్యాచార్యులు. ఆక్స్‌ఫర్డులో విద్యనభ్యసించిన అనండేల్ 1904లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగిగా చేరి, 1907లో దాని సూపరింటెండెంటు అయ్యారు. ఆ ఏడే మ్యూజియం పక్షాన శాస్త్ర పత్రికలను ప్రారంభించారు. దిగువ వంగదేశంలోని పోర్ట్ క్యానింగు వద్ద గల ఉప్పునీటి గుంటలలోని జీవులను గూర్చి అందులో వ్రాశారు. నదీముఖాల జీవావరణంపై ఆయనకు గల ఆసక్తికి అది తొలి ఆనవాలు.

ఆ ఆసక్తి చిలికాలో ఫలించింది. సహోద్యోగి స్టాన్లీ కెంప్‌తో కలసి ఆయన సరస్సును పరిశోధించారు. స్పంజికలు, నత్తలు, రొయ్యలు, పీతలు, చేపలను సేకరించి పేర్లు పెట్టడంతో వారు తృప్తి చెందలేదు. నీటిలోని ఉప్పు ఎప్పుడు ఎంత మారుతుందో, ఆ మార్పును ఏ జీవి తట్టుకొంటుందో గమనించారు. ఆ ఫలితాలు 1915 నుండి 1924 వరకు భాగాలుగా వెలువడ్డాయి. నాటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన బర్కుడా దీవిలో లభించిన కాళ్లులేని అరణెను 1917లో ఆయన లోకానికి పరిచయం చేశారు. నేటికీ ఆ జీవి శాస్త్రీయనామం ఆ దీవి పేరుతోనే ఉన్నది.

1916లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఏర్పడినప్పుడు అనండేల్ దాని ప్రథమ సంచాలకులయ్యారు. విదేశీ ప్రభుత్వపు ఉద్యోగి అయినప్పటికీ భారతీయ యువకులను పరిశోధనలోనికి తీసికొనివచ్చారు. సుందర్‌లాల్ హోరా, బైనీ ప్రసాద్ ఆయన వద్ద పనిచేసిన వారే. కాలక్రమాన వారిరువురూ అదే సంస్థకు సంచాలకులైనారు. 1924లో బెంగుళూరున జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన అనండేల్, ఆ ఏడే ఏప్రిల్ 10న కలకత్తాలో నలభై ఏడేండ్ల వయసున కన్నుమూశారు.

ఆయన శ్రమ విలువ తరువాతి తరాలకు మరింతగా తెలిసివచ్చింది. 1980లలో సర్వేక్షణ సంస్థ చిలికాను తిరిగి పరిశోధించినప్పుడు పోల్చి చూచుకొనడానికి ఆయన జాబితాలు ఉన్నాయి. అప్పటికే పూడిక వల్ల మొగ మూసుకొనిపోసాగింది. నీటిలో ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, జాలరుల వలలలో చేపలు తగ్గాయి. 1993లో చిలికా ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల అంతర్జాతీయ పట్టికకెక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగను తెరచిన పిమ్మట సరస్సు కోలుకొన్నది. 2002లో ఆ పట్టికనుండి దాని పేరును తొలగించారు.

ఏమి పోయిందో తెలియాలంటే ముందు ఏమి ఉండెనో ఎవరో ఒకరు ఓపికగా వ్రాసి ఉంచాలి. చిలికా విషయంలో ఆ పని చేసినవారు అనండేల్. తమ ఊరి చెరువునో, ఏటినో నిత్యం చూచే విద్యార్థులు ఆయన జీవితంనుండి గ్రహించవలసిన పాఠం ఇదే.